పూర్తి అదనపు సేనాధిపతి

మా లెక్కల మాస్టారు బొడ్డేపల్లి గవరయ్య గారిని దేశ సేనాధిపతిగా నియమించిన ఉత్తర్వు వచ్చే వేళకి ఆయన పదో తరగతిలో తాటిచెట్టు ఎత్తు కనుక్కుంటున్నారు. చెట్టుకు ఇరవై రూట్ మూడు మీటర్ల దూరంలో ఒక మనిషి నిలబడ్డాడు. అక్కణ్ణించి చెట్టు కొసను ముప్పై డిగ్రీల కోణంలో చూస్తున్నాడు. చెట్టూ మనిషీ నేను వేసిన బొమ్మలే, ఎందుకంటే ఆ బడిలో నేను డ్రాయింగు మాస్టర్ని. నా చెట్టు పక్కన మాస్టారు ‘ఎత్తు’ అని మొదలుపెట్టి, ఇరవై రూట్ మూడు కింద గీత గీసి, గీత కింద రూట్ మూడు వేసి, ఆ పక్కన సమానం గుర్తు పెట్టారు. అక్కడ సుద్ద ఆగిపోయింది. బయట జీపు ఆగింది మరి.

జీపులోంచి దిగినవారు ఖాళీల భర్తీ శాఖ ఉపకార్యదర్శి పరాంకుశం గారు. ఆయన మామూలుగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా ‘దాహమునకు సంబంధించి తగు చర్య తీసుకొనవలెను’ అంటారని వాళ్ల డ్రైవరు చెప్పాడు.

“శ్రీ గవరయ్య వారికి తెలియజేయునది ఏమనగా,” అని గుమ్మంలోనే చదవడం మొదలుపెట్టారాయన. “దేశ సేనాధిపతి పదవి ఖాళీగా ఉన్నందునను, సదరు పదవికి అర్హులైన ఇద్దరు అధికారులు తమలో ఎవరు సీనియరో తేల్చమని కోర్టుకెక్కి ఉన్నందునను, పొరుగుదేశముతో యుద్ధము ఇప్పటికే ప్రకటింపబడి ఉన్నందునను, ఖాళీకి సమీపమున ఉన్న ఉపాధ్యాయులైన తమకు సేనాధిపతిగా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది. ఈ మధ్యాహ్నము లోపల చేరవలెను.”

“అయ్యా, నేను లెక్కల మాస్టర్నండి,” అన్నారు గవరయ్య గారు, సుద్ద పట్టుకునే.

“ఉత్తర్వులో సబ్జెక్టు ప్రస్తావన లేదు.”

“నాకు తుపాకీ పట్టుకోవడం కూడా రాదు.”

“నిరుడు తమకు పశుగణన డ్యూటీ వేసినప్పుడు పాలు పితకడం వచ్చునా అని శాఖ అడిగియుండలేదు.”

మా దేశంలో ఇది మామూలే. ఏ శాఖలో ఏ కుర్చీ ఖాళీ అయినా, తగిన మనిషి దొరికేవరకు దగ్గరలో ఉన్న ఉపాధ్యాయుణ్ణి కూర్చోబెట్టవచ్చునని ఎప్పుడో ఒక ఉత్తర్వు వచ్చింది. మొదట్లో ఓటర్ల లెక్కలు, గేదెల లెక్కలు, మరుగుదొడ్ల ఫొటోలు. అంతవరకు అందరమూ నవ్వుకున్నాం. తరువాత పక్క ఊరి హిందీ పండితుడికి ఆనకట్ట గేట్లు ఎత్తే బాధ్యత వచ్చింది. ఆయన వాన పడినప్పుడల్లా గేట్లెత్తి, ఎండ కాస్తే దింపేవాడు. సైన్సు మేడం ఒకావిడ రెండు నెలలు రైల్వే స్టేషన్ మాస్టరుగా పనిచేసింది. పిల్లలు హోంవర్కు పట్టుకుని ప్లాట్‌ఫారం టికెట్లు కొనుక్కునేవారు. తగిన మనిషిని వెతకడం మాత్రం ప్రభుత్వం మానేసింది, కుర్చీలో ఎవరో ఒకరు కనిపిస్తున్నారు కదా అని.

నాకు మాత్రం ఏ డ్యూటీ ఎప్పుడూ పడలేదు. ప్రభుత్వం వారి ఉపాధ్యాయుల జాబితాలో డ్రాయింగు మాస్టరు అన్న గడి లేదు. జీతం ఏ గడిలోంచి వస్తుందో నేను ఇంతవరకు అడగలేదు, అడిగితే ఆగిపోతుందేమోనని.

“మరి వీళ్లకి లెక్కలు ఎవరు చెబుతారండి? పబ్లిక్ పరీక్షలు దగ్గరికొచ్చేశాయి,” అన్నారు మాస్టారు, తరగతి వైపు చెయ్యి చూపించి.

“తమరే. ఇవి అదనపు బాధ్యతలు కదా. తమ పోస్టు తమదే. పోస్టు ఖాళీ కానందున మరొకరిని వేయుటకు నిబంధన ఒప్పదు.”

అప్పుడు మొదటి బెంచీలోంచి పైడితల్లి లేచింది. ఆ పిల్లకి పాలిటెక్నిక్‌లో చేరాలని ఆశ. లెక్కల్లో పాసైతే చదివిస్తానని, పోతే జీడిపిక్కలు కొట్టే బట్టీలో చేర్చేస్తానని వాళ్లయ్య తేల్చి చెప్పాడు. ఆ బట్టీలో చేరిన ఆడపిల్లల చేతులు జీడికి నల్లబడి, మళ్లీ తెల్లబడగా ఎవరూ చూడలేదు. మిగతా సబ్జెక్టులన్నీ ఆమెకు సులువే, లెక్కలంటేనే భయం. పైగా ఆ రోజే ఎత్తులు, దూరాలు కొంచెం కొంచెం అర్థమవుతున్నాయి.

“మాస్టారూ, మీరెల్లిపోతే ఆ సెట్టు ఎత్తు ఏటవుతాది?” అంది.

గవరయ్య గారు బోర్డు వైపు చూశారు, జీపు వైపు చూశారు. “రేపొచ్చి చెబుతానమ్మా. డ్రాయింగు మాస్టారూ, బోర్డు చెరపనివ్వకండి,” అన్నారు. సుద్దముక్క జేబులో వేసుకుని జీపెక్కారు.

నేను చెరపనివ్వలేదు. ఆ తరువాత జరిగినదానిలో నా వంతు తప్పు అదొక్కటే.

రేపు రాలేదు, ఎల్లుండి రాలేదు. నాకు లెక్కలు రావు. చెట్టు గీయమంటే ఆకు ఆకునా గాలి వీచేలా గీస్తాను గాని, దాని ఎత్తు అడిగితే మాత్రం నా నోట మాట రాదు. పిల్లలు పుస్తకంలో లెక్కలు ఎవరికి తోచినట్టు వాళ్లు చేసేవారు. ఆ పుస్తకాల కట్ట నేను ఆదివారాలు బస్సులో వేసుకుని సైనిక శిబిరానికి తీసుకెళ్లేవాణ్ణి. శిబిరం సరిహద్దు వాగు ఒడ్డున ఉంది. వాగు మధ్య ఒక ఇసుక తిన్నె ఉంది. అది ఎవరిదన్నదే యుద్ధం.

మొదటి ఆదివారం వెళ్లేసరికి సైన్యం ప్రార్థన చేస్తోంది. రెజిమెంట్లన్నీ పొడుగువారు వెనక, పొట్టివారు ముందు, చేయి చాపు దూరంలో నిలబడ్డాయి. ఆలస్యంగా వచ్చిన ఫిరంగి దళం గేటు బయట ఎండలో నిలబడి ఉంది. సేనాధిపతి దుస్తుల్లో గవరయ్య గారు హాజరు పిలుస్తున్నారు. భుజాల మీద నక్షత్రాలు మెరుస్తున్నాయి గాని, జేబు మీద సుద్దపొడి అలాగే ఉంది.

“కల్నల్ జగ్గారాయుడూ, నీ తుపాకీ ఏదీ?”

పెద్ద మీసాల కల్నల్ తల దించుకున్నాడు. “ఇంటి దగ్గర మర్చిపోయాను సార్.”

“నిన్న కూడా అదే చెప్పావు. రేపు మీ నాన్నగారిని తీసుకురా.”

మర్నాడు తొంభై ఏళ్ల రిటైర్డు బ్రిగేడియరు చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, కొడుకు తరఫున క్షమాపణ చెప్పుకుని వెళ్లాడట. అప్పట్నుంచి ఏ ఒక్కరూ తుపాకీ మర్చిపోలేదని మాస్టారు చెప్పారు. నాకు అందులో వింత కనిపించలేదు, మా బడిలో అలాగే జరిగేది. వింతల్లా సైన్యం కుదురుకోవడమే. కందకాలు తిన్నగా తవ్వారు. గుర్రాలు కూడా గంట కొడితేనే నీళ్లకు కదిలేవి.

మాస్టారికి దాడి ఎలా చేస్తారో తెలియదు. తెలియని పనికి ఆయన తెలిసిన పద్ధతే వాడారు. దాడికి పాఠ్యప్రణాళిక రాశారు. అందులో మొదట బోధనాభ్యసన సామగ్రి: ఫిరంగులు, బాంబులు, చార్టు ఒకటి. తరువాత ఆశించే సామర్థ్యాలు: ఈ దాడి ముగిసేసరికి సైనికులు దాడి అనగానేమో తమ సొంత మాటల్లో చెప్పగలుగుతారు, దాడికీ ముట్టడికీ భేదాలు రాయగలుగుతారు, తమకంటే చిన్న దాడులు చేసే తోటివారిని ప్రోత్సహించగలుగుతారు. ఆఖరున పునశ్చరణ. దాడికి ముందు యూనిట్ పరీక్ష పెట్టారు. పాసైనవాళ్లే యుద్ధానికి అర్హులన్నారు. సైన్యం మొత్తం తప్పింది. ఉత్సాహంగా కత్తి తిప్పుతూ వచ్చిన మేజర్ ఒకడికి ‘వాగు వెడల్పు కనుగొనుము’ అన్న ప్రశ్నకి సున్నా వచ్చింది.

“తప్పినవాళ్లని యుద్ధానికి పంపిస్తే రేపు వాళ్ల తల్లులకి నేనేం చెప్పాలి?” అన్నారు మాస్టారు. యుద్ధం వాయిదా వేసి వెనకబడినవారికి ప్రత్యేక తరగతులు మొదలుపెట్టారు.

మధ్యలో తీరిక దొరికినప్పుడు, ఫిరంగి చక్రం మీద కూర్చుని, మా పిల్లల పుస్తకాలు దిద్దేవారు. ఎర్ర సిరాతో పక్కన చిన్న అక్షరాలతో వివరం రాసేవారు. ఆ వివరం చదివితే పిల్లలకి ఇంకో సందేహం వచ్చేది. ఆ సందేహం మళ్లీ వచ్చే ఆదివారం దాకా ఆగాలి. “ఎర్ర సిరా తప్పు చూపిస్తుంది మాస్టారూ, ఒప్పు నేర్పదు. దానికి మనిషి ఎదురుగా ఉండాలి,” అన్నారాయన ఒకసారి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

ఎలాగో పాసు మార్కులు వచ్చాక యుద్ధానికి ముహూర్తం కుదిరింది. ఆ రోజు నేను శిబిరంలోనే ఉన్నాను. ఇటు మా సైన్యం రెండు వరుసల్లో చేతులు కట్టుకుని నిలబడింది. అటు ఒడ్డున శత్రు సైన్యం కూడా సరిగ్గా అలాగే, చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్ల ముందు నల్ల గొడుగు వేసుకున్న ఒకావిడ నడుస్తూ, ఇద్దరిద్దరి చొప్పున వేలితో లెక్కపెడుతోంది. వెనక వరుసలో ఎవడో నవ్వినట్టున్నాడు. ఆవిడ గొడుగు ముడిచి వాడి వైపు చూపించింది. వాడు నడిచి వచ్చి వాగు గట్టున గుంజీళ్లు తీయసాగాడు.

గవరయ్య గారు దుర్భిణి దింపేశారు. “ఆవిడ టీచరండోయ్!” అన్నారు. చిన్నప్పటి స్నేహితురాలు కనిపించినంత సంబరపడ్డారు.

పొరుగు దేశానికి మా ఉత్తర్వులు కాపీ కొట్టే అలవాటు ఉంది. ఒక్కోసారి మా కంటే ముందే అమలుచేస్తారు. ఆవిడ పేరు కనకరత్నం, సాంఘిక శాస్త్రం. సేనాధిపతులిద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో నడిచి ఇసుక తిన్నె మీద కలుసుకున్నారు. యుద్ధానికి ముందు సేనానులు మాట్లాడుకోవడం మామూలేనని మా కల్నల్ జగ్గారాయుడు నా చెవిలో చెప్పాడు. నేను తెల్లజెండా మోస్తూ మాస్టారి వెనక వెళ్లాను కనుక వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలుసు.

“మీకు సిలబస్ ఎంతవరకు అయిందండి?” అన్నారు కనకరత్నం టీచరు.

“త్రికోణమితి దగ్గర ఆగిపోయిందమ్మా.”

“అయ్యో! మరి ఈ గొడవ ఎప్పటికవుతుందంటారు? మొదలెడితే మా వాళ్లకి మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోద్దండి.”

ప్రధానోపాధ్యాయులకు ఒక చిన్న అధికారం ఉంటుంది. ఊళ్లో తీర్థం జరిగినా, బడి ముందు నీళ్లు నిలిచినా, పైవాళ్లను అడగకుండానే స్థానిక సెలవు ప్రకటించి గంట కొట్టించేయవచ్చు. ఆ పోయిన రోజును తరువాత ఏదో ఒక రెండో శనివారం బడి పెట్టి పూడ్చాలి. గవరయ్య గారు మా బడికి ఇన్‌ఛార్జ్ హెడ్మాస్టరు కూడా. ఆవిడా అంతే. వాగులో నీళ్లున్న కారణంగా యుద్ధభూమికి స్థానిక సెలవు ప్రకటించారు. రెండు ఒడ్డుల మీదా గంటలు మోగాయి. రెండు సైన్యాలూ ఒక్కసారి హోరుమని అరిచి, సామాన్లు భుజాన వేసుకుని గుడారాలకు పరుగెత్తాయి. పోయిన యుద్ధదినాన్ని రెండో శనివారం పూడ్చాలని రాసుకున్నారు. రెండో శనివారం వచ్చేసరికి మళ్లీ వాగులో నీళ్లున్నాయి.

ఇలా కొన్నాళ్లు గడిచేసరికి మా రాజధానిలో పెద్ద కదలిక. ఒక్క సైనికుడూ చావకుండా, ఒక్క తూటా ఖర్చుకాకుండా, శత్రువును వాగు దాటనివ్వని సేనాధిపతి చరిత్రలో లేడని పేపర్లు రాశాయి. మాస్టారికి పతకం ఇవ్వడానికి పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. మాస్టారు పతకం తీసుకోకముందే చేతులు జోడించారు.

“అయ్యా, నన్ను రిలీవ్ చేసేయండి. పిల్లలకి పరీక్షలు.”

“అనివార్యులైన అధికారిని కదిలించుట దేశహితమునకు విరుద్ధము.”

“పోనీ, ఓడిపోమంటారా?”

“ఓడినచో ఓటమిపై విచారణ జరుగును. విచారణ ముగియువరకు తమరు కదలరాదు.”

“గెలవను, ఓడను. ఏమీ చెయ్యకుండా కూర్చుంటే?”

“ప్రస్తుతము జరుగుచున్నది అదియే. దానికే ఈ పతకము,” అని పరాంకుశం గారు సూది గుచ్చారు. అది కొంచెం చర్మానికి కూడా తగిలింది.

తరువాతి ఆదివారం పుస్తకాలతో పాటు పైడితల్లి కూడా నాతో బస్సెక్కింది. వద్దన్నా వినలేదు. శిబిరం కాపలావాడు ఎవరు నువ్వని అడిగితే ‘పదో తరగతి’ అంది. వాడు వెంటనే దారి వదిలాడు. అప్పటికి సైన్యానికి తరగతులంటే గౌరవం ఏర్పడింది.

“మాస్టారూ, మా అయ్య బట్టీ మేస్త్రీతో మాటాడీసినాడు,” అంది. ఏడవడం లేదు, అదే నాకు బాధనిపించింది. “పరీచ్చలయ్యీదాకా ఆగమన్నాను. లెక్కలు ఎలాగూ పోతావు గదా, ఆగడమేటి అన్నాడు. మీరు రేపొస్తానన్నారు. అందరం బోరడు ముట్టుకోకుండా సూస్తన్నాం.”

గవరయ్య గారు ఫిరంగి చక్రం మీంచి లేచి వాగు వైపు తిరిగారు. దేశానికి సేనాధిపతి ఆయన. వేలమంది ఆయన కనుసైగకు లేచి కూర్చుంటారు. ఒక్క పిల్లను ఒక్క లెక్కలో గట్టెక్కించే వీలు మాత్రం లేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సింది కళ్లజోడు కాదని నాకూ తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. అలాగే వాగులోకి దిగారు, ఈసారి చెప్పులు విప్పకుండానే. పైడితల్లీ నేనూ వెనకే వెళ్లాం.

కనకరత్నం టీచరు తిన్నె మీదకి వచ్చి అంతా విన్నారు.

“మీరు వెళ్లిపోండి మాస్టారూ. ఆ సైన్యాన్ని నాకు అప్పగించేయండి,” అన్నారు.

“మీకా? మీరు శత్రువు కదమ్మా!”

“దగ్గరలో ఉన్న ఉపాధ్యాయునికి ఇవ్వొచ్చనే కదండీ మీ ఉత్తర్వు? మీకు నాకంటే దగ్గరలో ఎవరున్నారు చెప్పండి.”

మాస్టారు ఉత్తర్వు జేబులోంచి తీసి రెండు వైపులా తిప్పి చదివారు. సబ్జెక్టు ప్రస్తావన లేనట్టే దేశం ప్రస్తావన కూడా లేదు.

“మరి మీ పిల్లలో? మీకూ బడి ఉంది కదా,” అన్నారు.

ఆవిడ గొడుగు కొసతో ఇసుకలో గీతలు గీశారు. “నేనిటొచ్చిన నెలకే మా బడి ఎత్తేశారండి. టీచరు లేరు కదా, బడి ఎందుకన్నారంట. పిల్లలు ఎటెళ్లారో కూడా తెలీదు. వెనక్కెళ్లి నేనెవరికి చెప్పను? ఇక్కడైతే వీళ్లన్నా ఉన్నారు. మీవాళ్లని కూడా చూస్తాను, కూర్చోబెట్టడం నాకేం కొత్తకాదు.”

అక్కడే, తడి ఇసుక మీద, బాధ్యతల అప్పగింత జరిగింది. ఫిరంగులు, గుర్రాలు, గంట, కల్నల్ జగ్గారాయుడు, చార్టు ఒకటి. ఆవిడ సరిచూసుకుని సంతకం పెట్టారు. ఆ నిమిషం నుంచి రెండు సైన్యాలకూ సేనాధిపతి ఒకరే. యుద్ధం చేయాలంటే ఆవిడ తన మీద తనే దాడి చేయాలి. ఆ సంగతి రెండు ప్రభుత్వాలూ ఇంతవరకు గమనించలేదు. నేను చెప్పదలుచుకోలేదు, మీరూ చెప్పకండి.

మర్నాడు పొద్దున మేం ముగ్గురం బస్సు దిగి బడికి వచ్చేసరికి గేటుకు కొత్త రంగు వేసి ఉంది. శనివారం నేను తాళం వేసినప్పుడు అది లేదు. పైన ఇత్తడి అక్షరాల్లో ‘సేనాధిపతి గవరయ్య జాతీయ స్మారకము’ అని ఉంది. పక్కన టికెట్ల కిటికీ. మా పదో తరగతి పిల్లలు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని ప్రహరీ బయట కూర్చుని ఉన్నారు.

లోపల పరాంకుశం గారు ఉన్నారు. వారసత్వ సంపద శాఖ కూడా వారికి పూర్తి అదనపు బాధ్యతగా వచ్చిందట. తరగతి గదిలో బెంచీల చుట్టూ తాడు కట్టారు. బోర్డుకు నిలువెత్తు అద్దం బిగించారు. అద్దం వెనక నా తాటిచెట్టు, మాస్టారి లెక్క, సమానం గుర్తు, ఆ తరువాత ఖాళీ. ‘మహాసేనాని చివరి పాఠము. తాకరాదు’ అని పలక పెట్టారు. దాని కింద చిన్న అక్షరాలతో ‘చిత్రకారుడు: అజ్ఞాతము’ అని ఉంది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు, కాని అది వేరే సంగతి.

“అయ్యా, ఆ అద్దం తీయించండి. ఒక్క మెట్టు మిగిలింది. చెప్పేసి, మిగతా పాఠం మొదలుపెడతాను,” అన్నారు మాస్టారు.

“చారిత్రక అవశేషమును మార్చుట శిక్షార్హము. సేనాధిపతి గారు ఆదేశించినచో ఆలోచింపవచ్చును. తమరు ప్రస్తుతము సేనాధిపతియేనా?”

“కాదండి. నిన్ననే అప్పగించేశాను.”

“అటులైన తమరికి అధికారము లేదు.”

“అధికారం వద్దండి. వేరే గదిలో, చెట్టు కింద, ఎక్కడో ఒకచోట పాఠం చెప్పుకుంటాను.”

పరాంకుశం గారు సంచిలోంచి డ్యూటీల అనుబంధం తీసి వేలు పెట్టి పై నుంచి కింది దాకా చదివారు. పశుగణన ఉంది, దోమల లెక్క ఉంది, ఆనకట్ట ఉంది, సైన్యం కొత్తగా చేరింది. “ఉపాధ్యాయులకు వేయదగిన డ్యూటీలలో పాఠము చెప్పుట కనబడుట లేదు. ఇందులో లేని డ్యూటీ నేను వేయజాలను,” అన్నారు. ఆయన గొంతులో పగ లేదు. నిజంగానే వెతికారు పాపం, వెనక పేజీ కూడా తిప్పి చూశారు. “అయితే ఈ స్మారకమునకు గైడు పోస్టు ఖాళీగా ఉన్నది. సమీపమున తమరే ఉన్నారు.”

మాస్టారికి కోపం వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ ఆయన్ని అలా చూడలేదు. ఏదో అనబోయి కిటికీలోంచి బయటికి చూశారు. ప్రహరీ పక్కన పైడితల్లి నిలబడి ఇటే చూస్తోంది. మాస్టారు నెమ్మదిగా తిరిగారు.

“గైడు ఏం చెయ్యాలండి?”

“సందర్శకులకు ప్రదర్శితవస్తువును గురించి సమగ్రముగా వివరింపవలెను. వారి సందేహములు తీర్చవలెను.”

“ఎంతసేపు?”

“సందేహములు తీరువరకు.”

“ఎప్పుడు చేరమంటారు?” అన్నారు మాస్టారు.

మర్నాడు పొద్దున్నే టికెట్ల కిటికీ ముందు మా పదో తరగతి వరుసకట్టింది. విద్యార్థులకు ప్రవేశం ఉచితం. తాడు దాటకూడదు కనుక నేల మీద కూర్చున్నారు. గవరయ్య గారు గైడు టోపీ పెట్టుకుని, అద్దం మీద బెత్తం ఆనించి వివరించడం మొదలుపెట్టారు. ఇది తాటిచెట్టు. ఈ మనిషి ఇక్కడ నిలబడ్డాడు. ఇంకొంచెం దగ్గరికి జరిగితే కోణం ఏమవుతుంది? ఈ చెట్టు నీడను వృత్తానికి స్పర్శరేఖ అనుకుందాం. ఈ చెట్టు తాటిపళ్లను ముగ్గురు పంచుకున్నారనుకుందాం. సేనాని ఈ లెక్క వేసేటప్పుడు ఆయన మనసులో ఇంకా ఏయే లెక్కలున్నాయో చూద్దాం. ఆ ఒక్క చెట్టు మీదే సిలబస్ అంతా ఎక్కించారు. మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లి స్మారకం జెండా కర్ర ఎత్తు కనిపెట్టించేవారు. సాయంత్రం పైడితల్లి సందర్శకుల పుస్తకంలో ‘సందేహాలు ఇంకా తీరలేదు, రేపు మళ్లీ వస్తాం’ అని రాసి సంతకం చేసేది.

పరీక్షలు అయ్యాయి. ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో మా పిల్లలెవరూ తప్పలేదు.

ఆ మర్నాడే పరాంకుశం గారు తనిఖీకి దిగారు. దేశంలో కోటలకీ గుహలకీ లేని జనం ఈ ఒక్క బోర్డుకి రోజూ ఎందుకు వస్తున్నారో కనుక్కురమ్మని పైనుంచి ఆదేశమట. అప్పటికే కింది తరగతి పిల్లలు టికెట్లు తీసుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. పైడితల్లి పాలిటెక్నిక్ దరఖాస్తు మాస్టారికి చూపించడానికి వచ్చి గోడ పక్కన నిలబడింది. ఆ పిల్ల చేతులు తెల్లగా, సిరా మరకలతో ఉన్నాయి.

పరాంకుశం గారు అద్దం ముందు నిలబడి చాలాసేపు చూశారు.

“ఈ సమానము గుర్తు తరువాత ఏమియు లేదేమి?”

“ఇరవై మీటర్లు!” అని గది మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

ఆయన ఉలిక్కిపడ్డారు. తనిఖీ కాగితం మీద ఏదో రాయబోయి, కలం ఆపేశారు. అటూ ఇటూ చూసి, మాస్టారి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించారు. ఆయన మామూలు మనిషిలా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

“మాస్టారూ, నాకూ చిన్నప్పుడు సరిగ్గా ఇక్కడే ఆగిపోయిందండీ. మా లెక్కల సారుకి జనాభా లెక్కల డ్యూటీ పడింది, మళ్లీ రాలేదు. అప్పట్నుంచి ఎవర్నడగాలో తెలీక వదిలేశాను. ఆ ఇరవై ఎలా వచ్చిందో కాస్త చెబుతారా?”

గవరయ్య గారు ఆయన్ని పైకీ కిందకీ చూశారు. “టికెట్టు తీసుకున్నారా?” అన్నారు.

తీసుకోలేదు. పరాంకుశం గారు బయటికి వెళ్లి, పిల్లల వెనక వరుసలో నిలబడి టికెట్టు కొనుక్కున్నారు. వచ్చి తాడుకు ఇవతల నేల మీద మఠం వేసుకుని కూర్చున్నారు. గవరయ్య గారు బెత్తం పైడితల్లి చేతికిచ్చి, “నువ్వు చెప్పమ్మా,” అన్నారు.